పెట్టెలకు నలభై అడుగులు

మున్సిపాలిటీ నోటీసు బుధవారం వచ్చింది. ఆరు వరుసల నోటీసు. ఇంటి ఆవరణలో అనుమతి లేకుండా పశువులను ఉంచి చుట్టుపక్కలవారికి ఇబ్బంది కలిగిస్తున్నానని, పదిహేను రోజుల్లోగా వాటిని తొలగించాలని, లేదంటే తగిన అనుమతి చూపించాలని రాశారు. మా ఇంట్లో పశువన్నది లేదు. పెరట్లో నాలుగు తేనెపెట్టెలు ఉన్నాయి. నోటీసు తెచ్చినతన్ని పశువు ఏదో నువ్వే చూపించు అని అడిగాను. తాను కాగితం ఇచ్చిపోయేవాడినే తప్ప చదివేవాడిని కాదన్నాడు. సంతకం పెట్టి, కింద తేదీతో పాటు టైము కూడా వేశాను. పదకొండు గంటల ఇరవై నిమిషాలు. గడువు లెక్క రేపు ఎవరైనా తప్పు వేస్తే చూపించాలి కదా.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, నేతపనివాళ్ళ ఇంట్లో. పడుగులో ఒక పోగు తగ్గితే ఆ సందు చీర మొదటి నుంచి చివరిదాకా కనబడుతుంది. అందుకని మా అమ్మ నాకు అక్షరాలకంటే ముందు లెక్కపెట్టడం నేర్పింది. ఆదోనికి కాపురానికి వచ్చాక పత్తి జిన్నింగు మిల్లులో తూకాల రిజిస్టరు ముప్పై ఒక్క ఏళ్ళు రాశాను. మిల్లు మానేసిన తర్వాత చేతికి పని లేక, ఆరు రోజుల శిక్షణకు వెళ్ళి తేనెటీగల పెంపకం నేర్చుకున్నాను. మొదట ఒక పెట్టె, రెండేళ్ళకు నాలుగు. ప్రతి ఉదయం ఒక్కో పెట్టె ముందు పీట వేసుకుని పది నిమిషాలు కూర్చుంటాను. కాళ్ళకు పుప్పొడి అంటించుకుని లోపలికి పోయే ఈగలు ఎన్నో చూసి రాసుకుంటాను. ఆ అంకె తగ్గిందంటే పెట్టెలో ఏదో తేడా వచ్చినట్టు. ఈ వయసులో నేను లేకపోతే జరగని పని అంటూ ఒకటి ఉన్నదంటే అది ఇదే. నోటీసు చదివినప్పుడు నాకు మొదట తోచింది ఆ పీటే. పదిహేను రోజుల తర్వాత ఆ పీట వేసుకోవడానికి చోటు ఉంటుందా, ఉండదా?

ఫిర్యాదు ఎవరిచ్చారో నాకు తెలుసు. తూర్పుగోడ అవతలి ఇంటాయన పరుపులు కుడతాడు. వాళ్ళ నాన్న కూడా ఆ పనే చేసేవాడు. మిద్దె మీద పత్తి ఎండబెడతాడు, కుట్టిన గలీబులు ఉతికి ఆరేస్తాడు. తేనెటీగలు పెట్టెలో మురికి చెయ్యవు. బయటికి ఎగిరి, గాలిలోనే విసర్జిస్తాయి. అది పసుపు చుక్కలా పడి, తెల్లగుడ్డ మీద ఎండిపోతుంది. ఆయన నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి ఒక గలీబు తెచ్చి నా ముందు పరిచాడు. నేను చత్వారం అద్దాలు పెట్టుకుని మచ్చలు లెక్కపెట్టాను. పదిహేడు. వాటిలో నాలుగు తేనెటీగలవి కావు, పిట్టలవి. ఆ మాటే చెప్పాను.

ఆయన గలీబు మడత పెట్టుకుంటూ, "అక్కా, పెండ్లోళ్ళకు పరుపు ఇచ్చేటప్పుడు ఈ మచ్చ ఈగది, ఈ మచ్చ పిట్టది అని సీటీ రాసియ్యాల్నా?" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. ఆ తర్వాతి వారంలోనే నోటీసు.

మరుసటి రోజు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి మంచిదే. తేనెటీగలకు దరఖాస్తు ఏదని అడిగితే చాలాసేపు వెతికింది. లేదు. చివరికి ఇళ్ళల్లో పశువులు పెంచుకునేవాళ్ళ దరఖాస్తే ఇచ్చింది. ఆవు, గేదె, మేక, గొర్రె, కుక్క, ఇతరములు అని ఉంది. ఇతరములు దగ్గర తేనెటీగలు అని రాశాను. తర్వాతి గడిలో ఆడవా, మగవా? మగ ఈగలు ఏడాది పొడుగునా ఉండవమ్మా, కాలాన్ని బట్టి ఉంటాయి అన్నాను. రెండూ అని టిక్కు పెట్టింది. దాని తర్వాత సంఖ్య. ఒక్కో పెట్టెలో తేనెపట్టు కట్టే చెక్కచట్రాలు ఎన్నింటి నిండా ఈగలున్నాయో చూసి సుమారుగా చెప్పవచ్చు గానీ, సుమారు అంకె కింద నేను సంతకం పెట్టలేను.

"వెయ్యి అని రాయవ్వా, ఎవరు లెక్కబెడతారు?" అన్నది ఆ అమ్మాయి.

"నేను లెక్కబెడతాను" అన్నాను.

తీరా చూస్తే కంప్యూటరులో ఆ గడి మూడు అంకెలకు మించి తీసుకోదు. అంటే వెయ్యి కూడా కుదరదు. నాలుగు పెట్టెలు కాబట్టి నాలుగు అని ఎక్కించింది. కంప్యూటరు ఒప్పుకున్నది. పెట్టెలు అన్న మాట ఎక్కడా పట్టలేదు. ఇంటికి వచ్చాక ఆ అంకె నన్ను తినేసింది. నా దగ్గర నాలుగే నాలుగు తేనెటీగలు ఉన్నాయని ప్రభుత్వం వారి పుస్తకంలో ఉంది.

ఆ దరఖాస్తుకు పశువైద్యుల కాగితం జతచెయ్యాలన్నారు. పశువుల ఆసుపత్రికి వెళ్తే, ఈగలకు మేము సూది వెయ్యము, ఉద్యానశాఖకు పొమ్మన్నారు. అక్కడ తేనెటీగల పెంపకందార్లను నమోదు చేసే పద్ధతి నిజంగానే ఉంది. ఆ ఆఫీసరు కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడు. నమోదుకు పొలం పాసుపుస్తకం కావాలట. పొలం లేదంటే, ఇల్లున్న చోటి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలట. ఆ కాగితం కోసం మళ్ళీ మొదటి కిటికీ దగ్గరికి వచ్చాను. ముందు నమోదు చూపిస్తే తప్ప ఆ కాగితం ఇవ్వడం కుదరదన్నారు. ఈ తిరుగుడుకు ఎనిమిది రోజులు పట్టింది. ఆటోలు తొమ్మిది ఎక్కాను. ఎవరూ నన్ను కసరలేదు, ఎవరూ లంచం అడగలేదు. ఆ మాట కూడా రాయాలి. కానీ ఒక్కరైనా ఇది నా పని అని అనలేదు.

పదో రోజు శుక్రవారం ఇన్‌స్పెక్టరు కొలత టేపుతో వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఒళ్ళంతా చెమట, ఒక చేతిలో ఫోను. పెట్టెలకు దూరంగా నిలబడి నన్నే టేపు పట్టుకోమన్నాడు. తూర్పుగోడకు పెట్టెలకు మధ్య ఆరు అడుగులు వచ్చింది. ఆయన ఫోనులో ఏదో పెద్ద నగరం వాళ్ళ నిబంధన వెతికి తీసి పెట్టుకున్నాడు. పక్కింటి కట్టడానికి నలభై అడుగుల దూరం ఉండాలట. అది మన ఊరి నిబంధన కాదు కదా అంటే, మనకు నిబంధనే లేదమ్మా, ఏదో ఒక కొలత చూపించకుంటే సంతకం ఎట్లా పెడతాను అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు సంతోషం కలిగింది. పది రోజుల్లో మొదటిసారి ఒక మనిషి నాకు ఒక అంకె చెప్పాడు. ఇద్దరం పెరడంతా కొలిచాము. పడమర మూల, బట్టలుతికే బండ పక్కన, నలభై ఒక్క అడుగులు వచ్చింది; అటువైపు ఇళ్ళు లేవు. అక్కడికి జరపండి, సోమవారానికి జరిపితే నేనే సంతకం పెట్టి పంపిస్తాను అన్నాడు.

తేనెపెట్టెను అలా జరపడానికి లేదు. శిక్షణలో మొదటి రోజే చెబుతారు. రోజుకు మూడు అడుగుల లోపు జరపాలి, లేదంటే మూడు కిలోమీటర్లకు అవతల పెట్టాలి. మధ్య దూరం పనికిరాదు. మేతకు పోయిన ఈగ పెట్టెను గుర్తుపట్టి రాదు, చోటును గుర్తుపట్టి వస్తుంది. పెట్టె ముప్పై అయిదు అడుగుల అవతల ఉన్నా అది పాత చోటికే వచ్చి గాలిలో వెతుకుతూ ఉంటుంది. ఇదంతా ఆయనకు చెప్పాను.

"ఇంటి మనుషులే అడ్రసు మార్సుకుంటాండారు, ఈగలకేమమ్మా?" అన్నాడు.

ఆయన పోయాక లెక్క వేశాను. జరగవలసింది ముప్పై అయిదు అడుగులు. రోజుకు రెండున్నర అడుగులు జరిపితే పద్నాలుగు రోజులు. నోటీసు గడువు పదిహేను రోజులు. వచ్చిన రోజునే ఈ నలభై అడుగుల మాట అందులో రాసి ఉంటే, పని పూర్తయి ఒక రోజు మిగిలేది. పదో రోజున చెప్పారు. మిగిలిన ఆరు రోజుల్లో పదిహేను అడుగులు దాటవు. ఆ కాగితంలో అంకెలు మళ్ళీ ఒకసారి సరిచూశాను. తప్పు లెక్కలో లేదు. అందుకే ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ తర్వాత నేను చేసిన పనికి ఎవరినీ అనడానికి లేదు. శనివారం సాయంత్రం మా చెల్లెలి కొడుకును ఎమ్మిగనూరు నుంచి పిలిపించుకున్నాను. వాడికి నలభై దాటాయి, మగ్గం ఉంది, మూడెకరాల నల్లరేగడి ఉంది. నేను ఈ పెట్టెల సంగతులు వాడికి ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను.

"పెద్దమ్మా, ఇట్ల జరపకూడదని నువ్వే అంటాంటివి గదా" అన్నాడు.

పట్టు అన్నాను. పట్టాడు. పొద్దు గూకి ఈగలు లోపలికి చేరాక నాలుగు పెట్టెలూ పడమర మూలకు చేర్చాము. వాడు ఆఖరి బస్సుకు వెళ్ళిపోయాడు. ద్వారాల ముందు వేపమండలు అడ్డం పెట్టాను. బయటికి వచ్చే ఈగకు ఏదో కొత్తగా ఉందని తెలిసి, చుట్టూ చూసుకుని ఎగురుతుందని ఒక ఆశ. ఆశలు లెక్కకు రావు.

ఆదివారం ఎండ ఎక్కేసరికి మేతకు పోయిన ఈగలన్నీ తూర్పుగోడ దగ్గరికి వచ్చాయి. పెట్టెలు లేవు. కాసేపు తిరిగాయి, గోడకు పట్టాయి, గోడ మీదుగా అవతలికి పోయాయి. ఆ పొద్దున పక్కింటాయన మిద్దె మీద పన్నెండు పరుపులకు సరిపడే పత్తి పరిచి ఉన్నాడు. పెళ్ళివారి పని. నేను ఆయన మిద్దె మెట్లెక్కి చూసేసరికి తెల్లటి పత్తి మీద ఈగలు ముద్దలు ముద్దలుగా కూర్చుని ఉన్నాయి. ఆయన ఒక మూల గోడకు ఆనుకుని, ఎడమచెయ్యి పట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు. రెండు కుట్టాయి. గోటితో ముల్లు గీకి తీసి, మా వక్కాకు డబ్బాలో సున్నం రాశాను. అప్పుడు జరిగింది చెప్పాను. నోటీసు, నలభై అడుగులు, మూడు అడుగుల సూత్రం, అన్నీ.

ఆయన అంతా విని, "తెలిసే జరిపినావా అక్కా?" అన్నాడు.

"తెలిసే."

"తెలీక జరిపింటే నాకు ఇంత కోపం వచ్చిండదు" అన్నాడు. గొంతు పెంచలేదు.

నేను కిందికి దిగి ఖాళీ పెట్టె ఒకటి తెచ్చి పాత చోట పెట్టాను. బలంగా ఉన్న పెట్టె నుంచి పిల్ల ఈగలున్న చట్రం ఒకటి తీసి అందులో ఉంచాను. ఆ వాసనకు కొన్ని దిగాయి. మిద్దె మీదివాటిని ఆయనే పత్తితో సహా మెల్లగా దుప్పటిలోకి ఎత్తి, గోడ మీదుగా నాకు అందించాడు. అట్లా అయిదు దుప్పట్లు. పత్తిని అంత నెమ్మదిగా పట్టుకునే చేతులు కాబట్టి మూడో ముల్లు దిగలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె ఖాళీ అయింది. రాత్రికి ఇద్దరం నాలుగు పెట్టెలనూ మళ్ళీ పాత చోటికే చేర్చి, ఖాళీ పెట్టెలో దిగిన ఈగలను వాటిలోకి పంచాము. ఏ పెట్టె ఈగలు ఏవో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

సోమవారం ఇద్దరం కలిసి ఆఫీసుకు వెళ్ళాము. ఆయన ఫిర్యాదు వెనక్కు తీసుకుంటానని రాసి ఇచ్చాడు. ఫిర్యాదు వెనక్కు తీసుకోవచ్చు గానీ, ఒకసారి ఇచ్చిన నోటీసు వెనక్కు తీసుకోవడం ఉండదన్నారు. సరే, పద్నాలుగు రోజులు గడువు పెంచండి, రెండున్నర అడుగుల చొప్పున జరుపుకుంటాను అని నా లెక్క కాగితం చూపించాను. కిటికీ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది. గడువు పెంచాలంటే పై ఆఫీసరు సంతకం కావాలి, ఆయన గురువారం గానీ రాడు. నా గడువు బుధవారంతో సరి.

"పదిహేనో దినానికి ఖాళీగా కనపడితే సాలవ్వా. మళ్ళ సూసుకుందాం" అన్నదా అమ్మాయి, గొంతు తగ్గించి.

ఇక మిగిలింది మూడు కిలోమీటర్ల అవతలి దారి. మంగళవారం తెల్లవారుతుండగా ట్రాలీ ఆటో మాట్లాడాను. పెట్టెల ద్వారాలకు దోమతెర గుడ్డ కట్టాను. దారి గుంతలకు చట్రాలు కదిలితే రాణి ఈగ నలిగిపోతుంది. పక్కింటాయన అడగకుండానే రెండు పాత పరుపులు తెచ్చి ట్రాలీలో పరిచి, పెట్టెల మధ్య తానే కూర్చున్నాడు. మా చెల్లెలి కొడుకు పొలం ఎమ్మిగనూరుకు ఇవతలే ఉంది. ట్రాలీ మీటరు ప్రకారం మా గడప నుంచి ఇరవై ఆరున్నర కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. పొలంలో ధనియాలు తెల్లగా పూతకు వచ్చి ఉన్నాయి. దోమతెర విప్పిన నాలుగు నిమిషాలకు మొదటి ఈగ బయటికి వచ్చింది.

బుధవారం, పదిహేనో రోజు, ఇన్‌స్పెక్టరు వచ్చి ఖాళీ పెరటిని ఫోటో తీసుకున్నాడు. నోటీసు అమలు జరిగినట్టు రాశాడు. నేను అనుమతి కాగితం అడిగాను. వస్తుందమ్మా అన్నాడు. ఆ తర్వాత ఎనిమిదో రోజున వచ్చింది. తనిఖీ సమయంలో ఆవరణలో తేనెటీగలు కనిపించనందున దరఖాస్తు తిరస్కరించడమైనది అని ఉంది.

ఆ కాగితం పట్టుకుని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. పెట్టెలు ఉంటే అనుమతి లేకుండా ఉంచానంటారు, తీసేస్తే లేనివాటికి అనుమతి ఎందుకంటారు, ఏ రోజున ఏ గంటకు అవి అక్కడ ఉండవచ్చో చెప్పండి అని అడిగాను. వెనక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. తన చేతిలో లేదన్నది. అది నాకూ తెలుసు.

అయిదు వారాలు ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను, రెండు రోజులకొకసారి. పీట పొలంలోనే ఉంచాను. కలగాపులగం అయిన పెట్టెల్లో ఒకదానికి రాణి లేకుండా పోయింది. రెండో వారంలో అంకెలు తగ్గుతూ వచ్చాయి. నలభై రెండు, ముప్పై ఒకటి, పంతొమ్మిది, ఆరు. ఒక ఉదయం లోపల ఎవరూ లేరు. ఆ ఆరు రాసుకున్న రోజు బస్సులో కూర్చున్నాక నాకు చాలా బాధ కలిగింది. సంతకం కోసం నేనే చేసిన పని అది.

ఈలోగా ఉద్యానశాఖలో నమోదు జరిగింది, మా చెల్లెలి కొడుకు పేర. పాసుపుస్తకం వాడిది కాబట్టి. జన్మలో పెట్టె మూత తియ్యని వాడు ఇప్పుడు కాగితం ప్రకారం తేనెటీగల పెంపకందారు. అందులోనూ నాలుగు పెట్టెలని ఉంది. ఉన్నవి మూడు. సరిచేయించమంటే వాడు నవ్వి, "నువ్వు సచ్చేదాకా ఆఫీసులోళ్ళకు పని సెప్తావు పెద్దమ్మా" అన్నాడు.

ధనియాల పూత రాలిపోయాక మూడు పెట్టెలూ ఆదోనికి తెచ్చుకున్నాను. ఇన్ని రోజులు అంత దూరంలో ఉన్నాయి కాబట్టి పాత చోటును మరచిపోయి ఉంటాయి. నేరుగా పడమర మూలన, నలభై ఒక్క అడుగుల దగ్గర పెట్టాను. ఈసారి ఒక్క ఈగ కూడా తూర్పుగోడకు పోలేదు. మచ్చలు మాత్రం పడుతూనే ఉన్నాయి. ఈగకు నలభై అడుగులు ఒక లెక్క కాదు. పక్కింటాయన గలీబులు తిరగేసి ఆరేస్తున్నాడు. మచ్చ లోపలి వైపు ఉండిపోతుంది, పరుపు కప్పాక కనబడదు. ఆ ఉపాయం ఆయన భార్య చెప్పిందట, ఒక్క నిమిషంలో. మూడోసారి గలీబు తెచ్చిన రోజున నేను మచ్చలు లెక్కపెట్టడం మాని ఏం చేద్దామని అడిగి ఉంటే, ఆ నిమిషం అప్పుడే దొరికి ఉండేది.

అనుమతి కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాను. కొలతలు, పక్కింటాయన సంతకం, నమోదు కాగితం నకలు, అన్నీ జతచేశాను. ఇరవై మూడు రోజులైంది. ఎవరూ రాలేదు, జవాబూ లేదు.

ఎండలు ముదిరాయి. పడమర మూల మధ్యాహ్నం మండిపోతుంది. మైనం మెత్తబడి చట్రాలు జారితే పెట్టెలు నిలవవు. నీడకు చిన్న పందిరి వెయ్యాలి. అది కట్టడం కిందికి వస్తుందా, దానికి వేరే దరఖాస్తు ఉందా అని కనుక్కోవడానికి పొద్దున చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళాను. ఆటో కూడా ఆగింది. వద్దు పొమ్మని పంపేశాను. సాయంత్రానికి నాలుగు గుంజలు పాతించి, పైన కొబ్బరాకు వేయించాను. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఎవరినీ అడగలేదు.